ఇంగ్లీషు వాక్యంలో ఏ మాట ఎవరిది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీగారు నన్ను పిలిచి, "మాస్టర్ సాబ్, ఈసారి మీరు తాలీమ్ గురించి మాట్లాడాలి" అన్నారు. తాలీమ్ గురించి మాట్లాడటం తేలికే. చదువుకోవాలి, చదివించాలి, ఆడపిల్లలను మధ్యలో మాన్పించకూడదు అని ఇరవై నిమిషాలు చెబితే మీరు చప్పట్లు కొడతారు, తర్వాత అందరం బిర్యానీకి లేస్తాం. అందుకని నేను పెద్ద విషయం వదిలి చిన్న విషయం పట్టుకున్నాను. మన పిల్లలు ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు రెండు చోట్ల జారిపడుతున్నారు. ఒకటి, కర్తకూ క్రియకూ పొత్తు కుదరకపోవడం. రెండు, ఒక మాటను వివరించే మాట దాని పక్కన పడకుండా వేరొకరి పక్కన పడటం. ఈ రెండో జారుడు వల్ల ఒక కుటుంబానికి ఎంత నష్టం జరిగిందో చివర్లో చెబుతాను. ఆ వాక్యం రాసింది పిల్లవాడు కాదు, నేనే.

నేను చదివిందీ ఉర్దూ మీడియమే, చెబుతున్నదీ ఉర్దూ మీడియమే. తెలుగులో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి. మన యువకుల్లో చాలామందికి ఉర్దూ మాట వచ్చు గాని లిపి రాదు కాబట్టి సావనీరులో తెలుగే ఉండాలని కమిటీవారు అన్నారు. వారి మాట సబబే. తప్పులుంటే మన్నించండి.

ముందు మన పిల్లవాడి పరిస్థితి చూడండి. వాడు ఇంట్లో అమ్మతో మాట్లాడేది దక్కనీ. "మై రోటీ ఖాయా" అంటాడు. తిన్నవాడు మగపిల్లాడు కాబట్టి ఖాయా. సరే, బడికి వచ్చాడు. అక్కడ నేను బెత్తం పట్టుకుని నిలబడి, "తప్పు, మైఁ నే రోటీ ఖాయీ అనాలి" అంటాను. కితాబీ ఉర్దూలో సకర్మక క్రియ భూతకాలంలో ఉన్నప్పుడు కర్త పక్కన 'నే' వస్తుంది, క్రియ కర్తను వదిలేసి కర్మ వైపు తిరుగుతుంది. రోటీ ఆడమాట కాబట్టి అహ్మద్ తిన్నా ఖాయీనే. ఆమ్ మగమాట కాబట్టి సల్మా తిన్నా ఖాయానే. పిల్లవాడికి ఇది వింతగా ఉంటుంది. తిన్నది నేనైతే రోటీ మగదా ఆడదా అనే గొడవ ఎందుకని వాడి మొహం చెబుతూ ఉంటుంది.

తర్వాత వీధిలోకి వెళ్తాడు, అక్కడ తెలుగు. వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు కూడా వచ్చింది. ఒక్క ఆడమనిషికి బస్సుకు వాడే క్రియే వాడతారు, నలుగురు ఆడవాళ్ళయితే మాత్రం మగవాళ్ళతో సమానంగా 'వచ్చారు' అంటారు. ఇది నాకు చిన్నప్పటినుంచీ ఆశ్చర్యమే. కాని అదే తెలుగులో లేదన్నప్పుడు అన్నీ ఒకటైపోతాయి. నేను రాలేదు, వాడు రాలేదు, ఆమె రాలేదు, బస్సూ రాలేదు. ఎంత హాయి! అరబ్బీ చదివిన పిల్లవాడైతే అతనికి ఇంకో సంగతి తెలుసు. అరబ్బీలో క్రియ వాక్యం మొదట్లో వస్తే, తర్వాత వచ్చే కర్త బహువచనమైనా క్రియ ఏకవచనంలోనే ఉంటుంది.

ఇన్ని పద్ధతులు తలలో పెట్టుకుని పిల్లవాడు ఇంగ్లీషు పీరియడులో కూర్చుంటాడు. అక్కడ చూస్తే ఇంగ్లీషు క్రియ వీటన్నిటికంటే బీదది. ఆడా మగా తేడా లేదు. భూతకాలంలో 'వెంట్' అంటే అందరికీ వెంట్. వర్తమానంలో ఒక్కరికి మాత్రం చివర ఒక ఎస్సు తగిలిస్తారు. హి గోజ్, షి గోజ్, ది బస్ గోజ్. 'బి' అనే క్రియకు మాత్రం యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్ అని వేషాలున్నాయి. 'హావ్'కు హాజ్ ఉంది. అంతే, సామాను ఇంతే. అయినా మనవాళ్ళ మార్కులు పోయేది ఇక్కడే. ఉర్దూ వ్యాకరణంలో క్రియను ఫేల్ అంటాం. ఫేల్ తప్పితే ఫెయిలే అని పిల్లలు నవ్వుకుంటారు.

ఆ ఒక్క ఎస్సు ఎందుకు కష్టం? నామవాచకం చివర ఎస్సు ఉంటే బహువచనం అని ముందే నేర్పాం. బాయ్, బాయ్స్. అప్పుడు పిల్లవాడు న్యాయంగానే ఆలోచిస్తాడు, కుర్రాళ్ళు ఎక్కువమంది ఉంటే క్రియకు కూడా ఎస్సు ఉండాలి కదా అని. 'బాయ్స్ గోజ్' అని రాస్తాడు. వాడి తర్కం తప్పు కాదు, ఇంగ్లీషుదే ఎదురు లెక్క. నేను క్లాసులో ఏం చెబుతానంటే, ఇద్దరు అన్నదమ్ములకు ఒకటే షేర్వానీ ఉందనుకోండి, ఒకడు తొడుక్కుంటే రెండోవాడు మానుకోవాలి. నామవాచకం ఎస్సు తొడుక్కుంటే క్రియ మానుకుంటుంది. 'మెన్', 'చిల్డ్రన్' దగ్గర ఈ కిటుకు పనిచేయదని అడ్డం తిరిగే పిల్లలు ఉంటారు, వాళ్ళే బాగుపడతారు. 'డస్ నాట్ గో' దగ్గర కూడా ఇదే షేర్వానీ. డస్ తొడుక్కున్నాక గోకు అక్కరలేదు. కాని 'హి డస్ నాట్ గోజ్' అని రాయని పిల్లవాడు నాకింకా దొరకలేదు.

ఇంకో సంగతి. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడు సెలవు చీటీ తెచ్చాడు. అందులో 'మై ఫాదర్ ఆర్ ఇల్' అని ఉంది. నేను ఎర్ర సిరాతో 'ఆర్' కొట్టేసి 'ఈజ్' అని రాశాను. వాడు తల వంచుకుని, "సార్, అబ్బా బడే హైఁ నా?" అన్నాడు. నా చేయి ఆగిపోయింది. మన ఇంట్లో తండ్రి గురించి 'అబ్బా ఆయా' అనం, 'అబ్బా ఆయే' అంటాం. తెలుగువాళ్ళు కూడా 'నాన్న వచ్చాడు' అనే ఇళ్ళున్నా, 'నాన్నగారు వచ్చారు' అనడమే మర్యాద. వాడు తెలియక తప్పు రాయలేదు, అదబ్ కొద్దీ రాశాడు. నేను దిద్దింది వ్యాకరణాన్నే కాని, వాడికి మాత్రం మాస్టరు వాళ్ళ నాన్నను ఏకవచనంలోకి దించినట్టు అనిపించింది.

అప్పుడు నేను వాడికి 'యూ' కథ చెప్పాను. పూర్వం ఇంగ్లీషువాళ్ళకు కూడా నువ్వు, మీరు అని వేరువేరుగా ఉండేవి. ఒక్కణ్ణి 'దౌ' అనేవాళ్ళు, పలువురిని 'యూ'. తర్వాత మర్యాద కోసం ఒక్కరిని కూడా 'యూ' అనడం మొదలైంది. ఆ మర్యాద పెరిగి పెరిగి చివరకు 'దౌ' మామూలు మాటల్లోంచి వెళ్ళిపోయింది. 1611లో అచ్చయిన వాళ్ళ బైబిలు అనువాదంలో అది ఇప్పటికీ కనబడుతుంది. క్రియ చివర 'గోజ్' బదులు 'గోయెత్' కూడా కనబడుతుంది. ఇప్పుడు రాజునైనా బంట్రోతునైనా 'యూ ఆర్' అంటారు. అంటే ఎదుటివాడి విషయంలో వాళ్ళు 'ఆప్' ఒక్కటే ఉంచుకుని 'తూ' పారేశారన్న మాట. ఎదుట లేని మనిషికి మాత్రం ఆ గౌరవ బహువచనం వాళ్ళు పెట్టుకోలేదు. ఎంత పెద్దవాడైనా 'ఈజ్'. ఇది చెప్పాక వాడి మొహం తేలికపడింది. తల్లిదండ్రులకు నా మనవి ఏమిటంటే, పిల్లవాడి తప్పు మీద కోపగించుకునే ముందు ఆ తప్పు ఏ భాషలో ఒప్పో చూడండి. వాడు అక్కడినుంచి తెచ్చుకుని ఉంటాడు.

అలాంటివి ఇంకా ఉన్నాయి. ఉర్దూలో మాలూమాత్ బహువచనం, కాబట్టి మనవాడు 'ఇన్ఫర్మేషన్స్ ఆర్' అని రాస్తాడు. 'బాల్ సఫేద్ హో గయే' అంటాం కాబట్టి 'మై హెయర్స్ ఆర్ వైట్' అంటాడు. అక్కడ రెండూ ఏకవచనమే. ఖైంచీ మనకు ఒకటి, తెలుగులో కత్తెరా ఒకటే, ఇంగ్లీషులో మాత్రం 'సిజర్స్ ఆర్'. 'న్యూస్' చివర ఎస్సు ఉన్నా 'ఈజ్'. వీటికి సూత్రం వెతికి లాభం లేదు, వంటపట్టించుకోవడమే. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం తరతరాలుగా మన దేశపు పిల్లల చేతుల్లో ఉంది. ఆ రెన్ దొర బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖలో పనిచేసి, తర్వాత నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. వ్యాకరణం రాసినవాడు సాహసగాథలు కూడా రాశాడంటే మా పిల్లలు నమ్మరు.

ఇప్పుడు అసలు మెలిక దగ్గరికి వస్తున్నాను. 'ది లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ ఆన్ ది బోర్డ్.' ఇక్కడ 'ఆర్' అని రాసేవాళ్ళు పిల్లలే కాదు, మేమూ రాస్తాం. ఉర్దూలో ఈ తప్పు ఎందుకు రాదు? 'తలబా కీ ఫెహ్రిస్త్ బోర్డ్ పర్ హై.' తెలుగులో 'విద్యార్థుల జాబితా బోర్డు మీద ఉంది.' మన రెండు భాషల్లోనూ వివరించే మాట ముందు వస్తుంది, అసలు మాట తర్వాత వస్తుంది. విద్యార్థులు ముందే వచ్చి తప్పుకున్నారు. జాబితాకూ ఉందికీ మధ్య గందరగోళం చేసే బహువచనం ఏదీ లేదు. ఇంగ్లీషులో అసలు మాట ముందు వచ్చేస్తుంది, వివరం తోకలాగా వెనక వస్తుంది. ఆ తోకలో ఉన్న 'స్టూడెంట్స్' క్రియ పక్కన చేరి, నేనే కర్తనని బుకాయిస్తుంది. పెళ్ళిలో దూల్హా పక్కన కూర్చున్న దోస్తుకు దండ వేసినట్టు మనం క్రియను తీసుకెళ్ళి దానికి ముడిపెడతాం. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్' కూడా ఇదే కథ. ఉన్నది చాలామంది స్నేహితులు, క్రియకు కావలసింది ఆ ఒక్కడు.

చూశారా, మనది ముందు, వాళ్ళది వెనక. ఈ ఒక్క తేడాలోంచే రెండో జారుడు కూడా పుడుతుంది. మన భాషల్లో విశేషణం తన మనిషి ముందు నడుస్తుంది కాబట్టి తప్పిపోవడం తక్కువ. తప్పిపోదని అనను. ఉర్దూలో 'మైఁ నే ఉస్కో జాతే హుఏ దేఖా' అంటే వెళ్తున్నది ఎవరు, నేనా అతనా? రెండు అర్థాలూ వస్తాయి. ఇందులో తెలుగు ఉర్దూ కంటే గట్టిది. 'బడికి వెళ్తుంటే నన్ను కుక్క కరిచింది' అంటే వెళ్తున్నది నేను. 'బడికి వెళ్తూ కుక్క నన్ను కరిచింది' అన్నామంటే ఆ కుక్క కూడా పుస్తకాల సంచీ తగిలించుకుని బయలుదేరినట్టే. వెళ్తూ అంటే ఇద్దరూ ఒకరే కావాలి, వెళ్తుంటే అంటే వేరువేరు కావచ్చు. ఇంత చక్కటి తేడా తెలుగు పిల్లవాడికి నోట్లోనే ఉంది. ఇంగ్లీషులో 'గోయింగ్ టు స్కూల్, ఎ డాగ్ బిట్ మి' అని రాశాడంటే కుక్కను బడికి పంపాడన్న మాట. 'వైల్ ఐ వజ్ గోయింగ్' అని కర్తను లోపల పెట్టి రాయాలి. ఈ తప్పు దిద్దేటప్పుడు నేను నియమం చెప్పను, తెలుగులోకి మార్చి చదవమంటాను. 'వెళ్తూ' వస్తే వాడే నవ్వి దిద్దుకుంటాడు. ఉర్దూ మాస్టరు తెలుగు సాయం తెచ్చుకోవడం ఏమిటని ఎవరైనా అంటే అననివ్వండి.

'ఓన్లీ' అనే మాట సంగతి కూడా చెప్పాలి. రీడింగ్ రూములో ఒకప్పుడు 'ఓన్లీ మెంబర్స్ కెన్ బారో టూ బుక్స్' అని బోర్డు ఉండేది. రెండు పుస్తకాలకు మించి ఇవ్వబడవని చెప్పడం ఉద్దేశం. చదివితే వచ్చే అర్థం, సభ్యులు మాత్రమే రెండు తీసుకోవచ్చు అని. మరి సభ్యుడు కానివాడికి ఒకటి ఇస్తారా అని ఒక ఇంటర్ కుర్రాడు అడిగితే లైబ్రరీ చూసే చాచా కోప్పడి పంపేశారు. కుర్రాడు అడిగింది సరైన ప్రశ్నే. 'మెంబర్స్ కెన్ బారో ఓన్లీ టూ బుక్స్' అంటే సరిపోయేది. తెలుగులో ఈ బాధ లేదు. సభ్యులే, రెండే, పుస్తకాలే, ఆ ఏకారం ఎవరికి అతికితే వారిదే. ఉర్దూ 'హీ' కూడా తన మాట వెనకే నిలబడుతుంది. ఇంగ్లీషు ఓన్లీ మాత్రం వాక్యమంతా తిరిగే మనిషి. అయితే అతి పట్టింపు కూడా పనికిరాదు. ఫౌలర్ అనే పండితుడు 1926లో అచ్చయిన తన వాడుక నిఘంటువులో, అర్థం చెడనంతవరకు మాటల్లో ఓన్లీ ఎక్కడున్నా దాని వెంట పడవద్దనే రాశాడు. చెక్కు మీద అంకె చివర రాసే ఓన్లీ సంగతి వేరు. మన పాత ఉర్దూ రసీదుల్లో 'ఫఖత్' ఉన్నట్టు, ఇంకెవరూ ఇంకేమీ చేర్చకుండా అది తలుపు వేస్తుంది.

ఇక మొదట చెప్పిన ఉత్తరం సంగతి. 2014లో మా మొహల్లా మనిషి, నాతో కలిసి చదువుకున్నవాడు, దమ్మామ్‌లో చనిపోయాడు. ఆరేళ్ళు అక్కడ పనిచేశాడు. ఇక్కడ భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. రావలసిన జీతం బాకీ, సర్వీసు ముగిసినందుకు ఇచ్చే సొమ్ము కోసం కంపెనీకి ఇంగ్లీషులో అర్జీ పెట్టాలి. భాభీ నా దగ్గరికే వచ్చారు. నేను రెండు రాత్రులు కూర్చుని రాశాను. స్పెల్లింగులు డిక్షనరీలో చూసుకున్నాను. ప్రతి క్రియకూ కర్తను వెతికి ఎస్సులు సరిచూశాను. అందులో ఒక వాక్యం ఇది: 'ది డిసీజ్డ్ హాజ్ లెఫ్ట్ బిహైండ్ టూ సన్స్ అండ్ ఎ డాటర్, వర్కింగ్ ఇన్ దమ్మామ్ ఫర్ సిక్స్ ఇయర్స్.'

నా మనసులో దమ్మామ్‌లో పనిచేసింది చనిపోయినవాడు. కాగితం మీద పనిచేస్తున్నది పిల్లలు. రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది. మృతుని పిల్లలు దమ్మామ్‌లోనే ఉద్యోగంలో ఉన్నారని తెలిపారు గనుక వారి ఇఖామా నకళ్ళు, సంతకాలు పంపవలెను అని. భాభీ ఆ కాగితం తెచ్చి, "మాస్టర్ భాయ్, ఇందులో ఏముంది?" అని అడిగారు. పెద్దవాడు ఎనిమిదో తరగతి, చిన్నపిల్లకు నాలుగేళ్ళు. నేను చదివి వెంటనే అర్థం చెప్పలేకపోయాను. మంచినీళ్ళు తాగి చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మళ్ళీ రాశాను. 'ది డిసీజ్డ్, హూ హాడ్ వర్క్‌డ్ ఇన్ దమ్మామ్ ఫర్ సిక్స్ ఇయర్స్, హాజ్ లెఫ్ట్ బిహైండ్ ఎ డాటర్ అండ్ టూ సన్స్, ఆల్ మైనర్స్.' దమ్మామ్ ఈసారి చనిపోయినవాడి పక్కనే ఉంది. పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు నకలు జత చేశాం. మొదటి ఉత్తరం మీద నడిచిన ఫైలును వెనక్కి తిప్పడానికి వాళ్ళకు టైము పట్టింది. సొమ్ము చేతికి వచ్చేసరికి ఇంకో ఏడు నెలలు గడిచాయి. ఈ లోపల ఆమె గాజులు తాకట్టుకు వెళ్ళాయి, పెద్దవాడు సాయంత్రాలు సైకిల్ షాపులో పనికి కుదిరాడు. కంపెనీవాళ్ళ తప్పు ఏమీ లేదు, వాళ్ళు రాసింది రాసినట్టు చదివారు.

ఆ రోజునుంచి నేను దిద్దే పద్ధతి మార్చుకున్నాను. ఎస్సు పోయిన వాక్యం చూస్తే అందరికీ తప్పని తెలిసిపోతుంది. మార్కు పోతుంది, దరఖాస్తు చదివే గుమాస్తా పెదవి విరుస్తాడు, అవమానమే. కాని 'మై ఫాదర్ ఆర్ ఇల్' అన్నా జబ్బు చేసింది నాన్నకే అని ఎవరికైనా అర్థమవుతుంది. దమ్మామ్ వాక్యంలో ఎర్ర సిరా పెట్టడానికి ఒక్క అక్షరం లేదు. పైకి అంతా సరిగ్గా ఉండి లోపల అబద్ధం చెబుతుంది. అలాంటిదాన్ని దిద్దడానికి వాక్యం చదివితే చాలదు, రాసినవాణ్ణి 'ఎవరు?' అని అడగాలి. వర్కింగ్, ఎవరు? గోయింగ్, ఎవరు? ఓన్లీ, ఎవరు? ఇంట్లో ఇంగ్లీషు రాని తల్లి కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. పిల్లవాణ్ణి తను రాసింది తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమని, మధ్య మధ్య 'కౌన్?' అంటే చాలు.

పేర్లు చెప్పకుండా ఆ వాక్యాన్ని ఏటా పదో తరగతికి బోర్డు మీద రాసిస్తాను. దమ్మామ్‌ను సరైన చోట పెట్టమంటాను. పోయినసారి ఒక అమ్మాయి మూడు రకాలుగా మార్చి రాసి తెచ్చింది, మూడూ సరిగ్గా ఉన్నాయి. మెచ్చుకుని కూర్చోమంటే కూర్చోలేదు. "సార్, చిన్న సందేహం. డిసీజ్డ్ అంటే జబ్బు చేసిన మనిషే కదా, మరి పిల్లల్ని వదిలి ఎక్కడికి వెళ్ళాడు?" అంది. స్పెల్లింగు వేరు బేటీ, ఆ పాఠం సోమవారం చెప్పుకుందామన్నాను.